షాడో బీరువా పక్క బీరువా

శాఖా గ్రంథాలయంలో పాఠకులు నడిచే దారులు మారవు. షాడో నవలలవాళ్లు గుమ్మం దాటగానే కుడికి తిరుగుతారు. యద్దనపూడి కావలసినవాళ్లు కిటికీ వైపు వెళతారు. గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ చదివే పిల్లలు నేరుగా బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుంటారు. మిగతా బీరువాలకి ఏడాది పొడుగునా తాళం తియ్యకపోయినా అడిగే నాథుడుండడు. విజయనగరం జిల్లాలో లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరైనదాన్ని కనక ఈ సంగతి ధైర్యంగా చెబుతున్నాను.

అప్పుడప్పుడు ఎవరో ఒకరు వచ్చి, ‘వేరే రకంది ఏదైనా ఇవ్వండమ్మా’ అంటారు. అలాంటప్పుడు ఆ రకంలో అన్నిటికన్నా పెద్ద పేరున్న పుస్తకం చేతిలో పెట్టడం మనవాళ్ల అలవాటు. కవిత్వమా, మహాప్రస్థానం. చరిత్రా, ఇటుకంత సంపుటం. నాలుగో రోజుకి పుస్తకం వెనక్కి వస్తుంది. మనిషి మళ్లీ ఆ వైపు చూడడు.

నేను మరోలా చేసేదాన్ని. మనిషికి ఏది ఇష్టమో దాన్ని కదపకూడదు. పుస్తకం రకం ఒక్కటే మార్చాలి.

జూట్ మిల్లులో పనిచేసే ఒకాయన షిఫ్టు దిగి సాయంత్రాలు వచ్చేవాడు. మధుబాబు షాడో, కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ తప్ప మరో పుస్తకం ముట్టుకోలేదు. ఒకరోజు, ‘అన్నీ అయిపోనాయమ్మా. ఇంకేటున్నాయి?’ అన్నాడు. వాటిలో నీకేది బాగుంటుందని అడిగాను. తుపాకులా, విమానాలా, ఫారిన్ ఊళ్లా? ‘అవేటీ కాదమ్మా. ఆడు దొరుకుతాడా, తప్పించుకుంటాడా, అదీ’ అన్నాడు. బీరువా తీసి ‘ఆరు సారా కథలు’ ఇచ్చాను.

అవి రాసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి, అంటే మన రావిశాస్త్రి, 1922లో శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖపట్నంలో వకీలుగా పనిచేశారు. మద్యనిషేధం ఉన్న రోజుల్లో దొంగసారా అమ్మినవాళ్లూ, వాళ్లని పట్టుకున్న పోలీసులూ, బోను ఎక్కినవాళ్లూ, మధ్యలో బతికే ప్లీడర్లూ ఆ కథల్లో మనుషులు. నేరం ఉంది, పోలీసుంది, కోర్టుంది. లేనిదల్లా యుగంధర్. సాహిత్య సభల్లో రావిశాస్త్రిని గంభీరమైన రచయిత అని పరిచయం చేస్తారు కనక డిటెక్టివ్ పాఠకుడు ఆ పేరు వింటేనే దూరం జరుగుతాడు. నిజానికి తెలుగులో నేరం గురించి అంతకంటే బాగా తెలిసి రాసినవాళ్లు నాకు కనబడలేదు. పైగా అందులో మనుషులు మాట్లాడేది మన మాటే. పుస్తకం తిరిగి ఇస్తూ ఆయన, ‘తప్పు ఎవుడు చేసేడో ముందే తెలిసిపోతాదమ్మా. అయినా ఒగ్గలేకపోనాను’ అన్నాడు. ఆ తరవాత కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ ఇచ్చాను. అదీ ఒక తగువు కథే. ఎవరు ఎవరికి బాకీ అన్నదాని మీద ఊరి పెద్దల ముందు పంచాయితీ. తీర్పు దాకా ఊపిరి బిగబట్టి చదవాలి, తీర్పు తరవాత జరిగేది ముందు ఎవరూ ఊహించలేరు. అది విప్లవ సాహిత్యమనీ, దాని మీద ఏళ్ల తరబడి వాదాలు జరిగాయనీ నేను ఆయనకి ముందు చెప్పలేదు. చెబితే పుచ్చుకునేవాడు కాదేమో.

అందరూ కారా మాస్టారనే రామారావు గారి పేరు వచ్చింది కనక కథానిలయం సంగతి కూడా చెప్పాలి. ‘యజ్ఞంతో తొమ్మిది’కి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చాక, తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట దొరకాలన్న పట్టుదలతో ఆయన శ్రీకాకుళం విశాఖ ఎ కాలనీలో దాన్ని మొదలుపెట్టారు. 1997 ఫిబ్రవరి 22న తెరిచారు. కథల కోసం పెట్టిన గ్రంథాలయమే అయినా, కథలు అచ్చయింది పత్రికల్లో కదా, అందుకని అక్కడ పాత వార, మాస పత్రికలు బోలెడు. కథ వెతుక్కుంటూ ఒక పాత సంచిక తెరవండి. కథ పక్కన వంటల పేజీ, దాని వెనక సైన్సు వ్యాసం, ఆ తరవాత ఎవరిదో యాత్ర. సీరియల్ కోసం పత్రిక కొన్న ఇల్లాలు మిగతావన్నీ ఊరికే చదివేసేది. మాలతీ చందూర్ ‘స్వాతి’ మాసపత్రికలో ‘పాత కెరటాలు’ శీర్షిక కింద ఇంగ్లీషు నవలల్ని తెలుగులో చెప్పుకుంటూ పోయారు. ఇంగ్లీషు అక్షరం రాని ఆడవాళ్లు ఆ నవలల్లో మనుషుల గురించి వీధరుగు మీద కబుర్లాడుకోగలిగారంటే అది ఆవిడ చలవ. ఇప్పుడు ఫోను ఏం చేస్తుంది? నిన్న దయ్యాల కథ విన్నారని ఈరోజు ఇంకో పది దయ్యాల కథలు తెచ్చి పెడుతుంది. పత్రికకి ఆ తెలివి లేకపోవడమే మనకి మేలు చేసింది.

ఇంకో మంచి దారి సొంత ఊరు. యాత్రా చరిత్రలంటే విసుగు అనే కుర్రాళ్లకి ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ మొదటి పేజీ నుంచి ఇవ్వకూడదు. ఆయన మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటర్. 1830 మే 18న పెద్ద పరివారంతో బయల్దేరి కాశీ చూసి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. తిరుగుదారిలో జగన్నాథం, గంజాం దాటి శ్రీకాకుళం మీదుగా విశాఖపట్నం వైపు వచ్చారు. దారి పొడుగునా రాసినది కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె 1838లో అచ్చువేయించారు. నేను కాగితం ముక్క పెట్టి మన ప్రాంతం వచ్చే చోట తెరిచి ఇచ్చేదాన్ని. ఏ మజిలీకి ఎంత దూరం, దారి ఇసుకా రాయా, నీళ్లు మంచివా, అంగళ్లున్నాయా, దిగడానికి వసతి ఉందా: ఆయన చూపు వీటి మీదే. బస్సులో రోజూ పోయే దారిలో పల్లకీలూ బోయీలూ నడిచారని తెలిశాక ఎవరికైనా ముందు పేజీలు తిప్పాలనిపిస్తుంది. పరీక్షలకి చదివే ఒక అమ్మాయి నాలుగు పేజీలు చూసి, ‘ఇది మా సిలబస్‌లో లేదేటండి?’ అని అడిగింది. లేదన్నాను. అయినా పట్టుకెళ్లింది.

పోట్లాటలంటే సరదా ఉన్నవాళ్లకి గిడుగు రామమూర్తి పంతులుగారి వ్యాసాలు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన మనిషి, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ సవర భాష నేర్చుకుని నిఘంటువు కూర్చిన మనిషి. ఆయన వ్యాకరణ చర్చ అంటే పడుకోబెట్టేదని అనుకుంటారు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’ తీసి చూడండి, గ్రాంథికం రాస్తామని గొప్పలు పోయిన పండితుల తప్పుల్ని ఎంత ఓపికగా ఏరి చూపించారో. లావు పుస్తకం చూస్తే భయపడేవాళ్లకి చాసో కథలు. ‘ఎందుకు పారేస్తాను నాన్నా’ కాఫీ తాగేలోగా అయిపోతుంది. ప్రేమ నవలలవాళ్లకి ఉప్పల లక్ష్మణరావు ‘అతడు-ఆమె’. డైరీల రూపంలో ఉంటుంది, ఇంకొకరి డైరీ చదవడం ఎవరికి చేదు? సైన్సు పొడ గిట్టనివాళ్లకి మాస్కో నుంచి తెలుగులో వచ్చిన పెరెల్మాన్ ‘నిత్యజీవితంలో భౌతికశాస్త్రం’. విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల బస్సు వచ్చినప్పుడు అలాంటివి కారుచౌకగా దొరికేవి.

ఒక చిన్న ఉపాయం చెబుతాను. కొత్త రకం పుస్తకానికి పీఠిక చివర చదవాలి. తెలుగు పీఠికలు చాలావరకు ఆ రకం తెలిసినవాళ్లు ఆ రకం తెలిసినవాళ్ల కోసమే రాసుకున్నవి. మధ్యలో ఎక్కడో తెరిచి రెండు పేజీలు చదవండి. నచ్చకపోతే ఇచ్చెయ్యండి, లైబ్రరీ పుస్తకానికి డబ్బు పోదు.

భక్తి పుస్తకాలు తప్ప చదవని ఒక మామ్మగారికి ఆదిభట్ల నారాయణదాసు గారి స్వీయచరిత్ర ‘నా యెరుక’ ఇచ్చాను. హరికథా పితామహుడు, విజయనగరం సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్, ఇంకేం కావాలి అని ఆవిడ కళ్లకద్దుకుని తీసుకెళ్లారు. దాసుగారు తన అల్లరీ, బలహీనతలూ ఏదీ దాచుకోలేదు. వారం తిరక్కుండా మామ్మగారు ఊగిపోతూ వచ్చారు. ‘ఇదేటమ్మా, అంతటి పెద్దమనిషి ఇలాగ రాసుకున్నారు?’ అన్నారు. పుస్తకం పుచ్చుకుందామని చెయ్యి చాపాను. ఇవ్వలేదు. ‘మా ఆడపడుచు చదువుతానంది, ఇంకో వారం రాసుకో’ అన్నారు. రాసుకున్నాను.