మెరుపు నీళ్ల కంటే ముందు సాగు నీళ్లు

ఈ మధ్య పుల్లలచెరువు మండలంలో కూలీల మీటింగుకు వెళ్లినప్పుడు ఒక కౌలురైతు మమ్మల్ని నిలేశాడు. ‘‘అన్నా, నీళ్లకు కరెంటు పెట్టి ఎరువు చేస్తారంట. యూరియా కోసం క్యూలో నిలబడే బాధ తప్పుద్దా?’’ అని. అడగాల్సిన ప్రశ్నే. తెలుసుకుని చెబుతున్నాం.

ఇందులో మాయ లేదు. గాలిలో 78 శాతం నత్రజనే. పైరు దాన్ని నేరుగా తినలేదు. మెరుపు వేడికి నత్రజని, ఆక్సిజన్ కలిసి, వానతో పాటు కొంత నైట్రేటుగా నేలకు దిగుతాయి. అట్లాంటి మెరుపునే చిన్నదిగా చేసి నీళ్ల దగ్గర పుట్టించేది ప్లాస్మా యంత్రం. ఆ నీళ్లతో విత్తనాలు బాగా మొలిచాయని, మొలకలు ఏపుగా పెరిగాయని ప్రయోగశాలల్లో చూశారు.

ఆలోచన పాతదే. 1905లో నార్వేలో బిర్క్‌లాండ్, ఐడె అనే ఇద్దరు ఈ తీరునే ఎరువు ఫ్యాక్టరీ నడిపించారు. జలపాతాల చౌక కరెంటు ఉండబట్టి నడిచింది. 1913లో జర్మనీలో హేబర్-బోష్ ఫ్యాక్టరీ మొదలయ్యాక ఆ ఖర్చుకు తట్టుకోలేక క్రమంగా మూలపడింది.

లెక్క చూడండి. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు. అంత నత్రజని నార్వే పద్ధతిలో తీయాలంటే సుమారు 1000 యూనిట్ల కరెంటు కావాలి. వెయ్యి యూనిట్ల బిల్లు ఎంతో, యూరియా బస్తా ఎంతో మీకే తెలుసు. పైగా ఈ నీళ్లలో భాస్వరం రాదు, పొటాషు రాదు. మన కంది చేలో వేరుబుడిపెల్లోని సూక్ష్మజీవులు కరెంటు లేకుండానే గాలిలో నత్రజనిని పట్టి పైరుకిస్తున్నాయి.

అసలు ముందు నీళ్లుంటే కదా మెరుపు పెట్టేది! కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్న వెలిగొండకు 1996లో శంకుస్థాపన చేశారు. 43.5 టీఎంసీలు, 4.47 లక్షల ఎకరాలు అన్నారు. 2024 మార్చిలో సొరంగాలు ప్రారంభించారు. అప్పటికీ నిర్వాసితుల పరిహారం పూర్తి కాలేదు.

ఇంకోమాట. 2019 చట్టం కౌలు కార్డుకు భూయజమాని సంతకం తప్పనిసరి చేసింది. రేపు యంత్రానికి సబ్సిడీ వచ్చినా అది పట్టా ఉన్నవాడి ఇంటికే పోతుంది. చెమటోడ్చేవాడికి బిల్లు మిగులుతుంది.

మేము సైన్సుకు అడ్డం కాదు. దర్శి కృషి విజ్ఞాన కేంద్రం లాంటి ప్రభుత్వ సంస్థలు మన కంది, మిరప చేలల్లో పరీక్షించాలి. ఖర్చు, దిగుబడి రెండూ రైతుల ముందు తెలుగులో చెప్పాలి. అప్పటిదాకా ఎవరు యంత్రం అమ్మజూపినా అప్పు కాగితం మీద వేలిముద్ర వేయొద్దు. వెలిగొండ నీళ్లు, కౌలు హక్కు, నిర్వాసితులకు పరిహారం - ఈ మూడింటి మీద మాత్రం పట్టు వదలొద్దు.