నడిరేయి ఆకలికి గుప్పెడు పేలాలు

పడుకొను చోట తినుబండారముల నుంచుట మన పెద్దలకు సమ్మతము కాదు. మంచముపై కూర్చుండి తినువారి యింట లక్ష్మి నిలువదని వారు మందలించుచుండిరి. ఆ మందలింపు వెనుక చీమలు, ఎలుకలు, బొద్దింకలు అనెడి మూడు ప్రబలకారణములు దాగియుండెనని ఎవ్వరైనను ఊహింపవచ్చును. కాని గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపురము గనులలో రాత్రి షిఫ్టునకు దిగు కార్మికులును, సిరిసిల్లలో మరమగ్గముల హోరు నడుమ తెల్లవార్లు మేల్కొను నేతపనివారును, కరీంనగరమున అద్దెగదులలో పోటీపరీక్షలకు చదువు యువజనులును, ఏ పనియు లేకున్నను చేతిలోని ఫోనును విడువలేక నిద్ర చెడగొట్టుకొను మనబోటివారును అధికమైన ఈ దినములలో, అర్ధరాత్రపు ఆకలిని నిషేధించుటకంటె దానికి తగిన ఆహారమును ముందుగానే ఎంచి యుంచుట మేలు.

ఐతే ఆ ఆకలి నిజమైనదా యని మొదట విచారింపవలెను. నిద్ర తగ్గినకొలదిని ఆకలి పెరుగుట శరీరధర్మము. 2004వ సంవత్సరమున షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరోగ్యవంతులైన 12 మంది యువకులను రెండేసి రాత్రులు, ఒక పర్యాయము నాలుగేసి గంటలు, మరియొక పర్యాయము పదేసి గంటలు, పడకపై నుండనిచ్చి పరీక్షింపగా, నిద్ర తక్కువైన పర్యాయము ఆకలిని రేపు గ్రెలిన్ అను హార్మోను 28 శాతము హెచ్చినది. తృప్తిని సూచించు లెప్టిన్ 18 శాతము తగ్గినది. అనగా రాత్రి రెండు గంటలకు కడుపు పిలిచినట్లు తోచునది, పెక్కుమారులు మెలకువ చేయు మాయ. అంతేకాక రాత్రివేళ ఇన్సులిన్ పగటివలె చురుకుగా పనిచేయదు. ఉదయము తిన్న రొట్టెయే నడిరేయి తిన్నచో రక్తములోని చక్కెరను మరింత పెంచును. కావున మొదట గ్లాసుడు నీరు త్రాగి కొంతసేపు వేచి, అప్పటికిని ఆకలి యున్నచో తినుట యుక్తము.

ఇక తినదగినవి. బీరకాయ చిప్సు, ఓట్ల బిస్కట్టు అని అంగడివారు ఆరోగ్యము పేర అమ్ము పొట్లములను వెదకుచు పోనక్కరలేదు; మక్కలు పండు కరీంనగర ప్రాంతమునను, జొన్న పండు ఆదిలాబాదు నల్లరేగళ్లయందును పేలాలకు కొదువ యెన్నడును లేదు. తొలి ఏకాదశినాడు జొన్నపేలాలను విసరి బెల్లము కలిపి పేలపిండి చేసికొనని యిల్లు తెలంగాణమున అరుదు. గింజ పేలుటలోని మర్మము సులభమైనదే: లోపలి తేమ వేడికి ఆవిరియై, గట్టి పొట్టునకు లోబడి ఒత్తిడిని పెంచుచు, సుమారు 180 డిగ్రీల కడ ఆ పొట్టును చీల్చుకొని వెలువడగా, మెత్తబడిన గంజిపదార్థము ఒక్కసారిగా ఉబ్బి గట్టిపడును. గింజలో తేమ మరీ తక్కువైనను, పొట్టు పగిలియున్నను అది పేలక మాడును. ఇసుకలో వేయించు పాతపద్ధతిలో నూనెచుక్క అవసరము లేదు. సినిమాహాలులో వెన్నయు ఉప్పును దట్టించి యమ్ము మక్కపేలాలకును ఇట్లు వేయించినవానికిని పోలికయే లేదు. జొన్నపేలాలు చిన్నవి, పొట్టు పలుచనివి. పండ్లసందున ఇరుక్కొనుట తక్కువ. నాకు ఇవియే మిన్న.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. పేలినంత మాత్రమున గింజకు కేలరీలు తగ్గవు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రచురించిన పట్టికలను చూడుడు: 100 గ్రాముల బియ్యమున 345 కేలరీలుండగా, అంతే బరువు గల మరమరాలలో 325, పుట్నాలలో 369 కలవు. భేదమంతయు పరిమాణములో నున్నది. 100 గ్రాముల మరమరాలు పెద్ద గంపెడగును. 15 గ్రాములు తీసికొన్నను గిన్నె నిండి, నమలుటకు పావుగంట పట్టి, ఒంటికి చేరునవి ఏబది కేలరీలకు మించవు. పుట్నాల గొప్ప మరియొకటి: వానిలో మాంసకృత్తులు నూటికి 22 పాళ్లుండుటచే 20 గ్రాములకే ఆకలి అణగును. పల్లీలు సైతము మంచివే గాని 100 గ్రాములకు 567 కేలరీలు; చీకటిలో డబ్బా ఒడిలో పెట్టుకొని తినదగినవి కావు.

జామపండు, దోసకాయ ముక్కలు, కారెట్టు ఎవరికిని చెప్పనక్కరలేనివి. నీరు కలిపిన చల్ల గ్లాసునకు 30 కేలరీలు మాత్రమే. కాని ఎండకాలమున రామగుండము వంటి చోట 45 డిగ్రీలు దాటిన దినములలో దానిని మంచము ప్రక్క నుంచుట పులియబెట్టుటకే. బొబ్బర్ల గుడాలు, శనగ గుడాలు అత్యుత్తమములు. ఐనను తడి యున్నందున సాయంకాలమే తినవలెను గాని రాత్రికి దాచరాదు. సాయంత్రము గుడాలు తిన్నవానికి నడిరేయి ఆకలియే వేయకపోవుట తరచు చూచునదే.

సకినాల మాట యెత్తినచో కరీంనగరమువారు నాపై కోపింతురేమో! సంక్రాంతి డబ్బాలు పడకగదిలోని అటకపై నుండుట ఈ ప్రాంతమున కద్దు. కాని గంజిపదార్థము గ్రామునకు 4 కేలరీలీయగా నూనె గ్రామునకు 9 ఇచ్చును. నూనె పీల్చిన సకినము గుప్పెడు పేలాలకు సాటిరాదు. ఉట్నూరు ప్రాంతమున ఆదివాసీ మహిళలు చేయుచున్న ఇప్పపువ్వు లడ్డు పుష్టికరమే. బెల్లము, పల్లీలు, నువ్వులు గల ఆ లడ్డునకు ఉదయము తగిన వేళ.

గదిలో నుంచవలసినది పెద్ద డబ్బా కాదు. మూత గట్టిగా పట్టు చిన్న స్టీలు డబ్బాలో ఒక రాత్రికి సరిపడు గుప్పెడు మాత్రమే వేసి, మిగిలినది వంటింటనే ఉండనీయవలెను. లేచి వంటింటికి పోవలసివచ్చుట యొక గొప్ప అడ్డుకట్ట. వానకాలమున పేలాలు గంటలోనే మెత్తబడును గావున మూత విషయమున అశ్రద్ధ కూడదు. తినిన వెంటనే వెల్లకిల పడుకొన్నచో పులిత్రేన్పులు వచ్చును. నిద్రలో లాలాజలము తగ్గుటచే పంటికంటిన తీపి తెల్లవార్లు పంటిని తినును, పుక్కిలించక పడుకొనరాదు.

ఇన్సులిన్ తీసికొను మధుమేహరోగులకు ఈ చెప్పినదంతయు వర్తింపదు. నడిరేయి చెమటపట్టి, చేతులు వణకి, గుండె దడదడలాడినచో అది చక్కెర పడిపోయిన సూచన. అప్పుడు పుట్నాలు నమలుచు కూర్చుండుట ప్రమాదకరము. అట్టివారి తలాపున 15 గ్రాముల గ్లూకోజు పొడియో, మూడు చెంచాల చక్కెరయో ఎల్లప్పుడు సిద్ధముగా నుండవలెను. ఆహారములో పెద్దభాగము రాత్రియే తినుచు, నిద్రపట్టక, ఉదయము ఆకలి నశించువారి స్థితిని 1955లోనే ఆల్బర్ట్ స్టంకార్డ్ అను వైద్యుడు ఒక ప్రత్యేకవ్యాధిగా వర్ణించెను. వారికి కావలసినది వైద్యుని సలహా గాని పేలాల డబ్బా కాదు.

గనిలో రాత్రంతయు పనిచేసి ఉదయము ఇల్లుచేరు కార్మికునికి పగలే రాత్రి. అతడు పూర్తి భోజనము చేసి పడుకొనుటకంటె పలుచని జొన్న అంబలియో, ఒక ఉడికిన గుడ్డో తీసికొని, కిటికీలకు తెరలు దించి పడుకొనుట మేలు. మధ్యాహ్నము మెలకువ వచ్చినచో నీరును, గుప్పెడు పుట్నాలును చాలును. టీ మాత్రము నిద్ర ముగిసిన పిదపనే. దానిలోని కెఫీను సగము తగ్గుటకే ఇంచుమించు ఐదు గంటలు పట్టును.