తోక తెగిన పిల్లి మౌనం: శస్త్రచికిత్సానంతర ప్రవర్తన, తెలుగు నానుడులు – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

తెలుగు నుడికారంలో తోక ప్రధానంగా అహంకార చిహ్నం. తలబిరుసుగా మసలేవాడు తోక ఝాడిస్తాడు. ఓటమి తెలిసినవాడు తోక ముడుస్తాడు. మితిమీరినవాడి తోక కత్తిరిస్తారు. ఈ పలుకుబళ్ల వెనుక ఉన్న జంతువు చాలావరకు కుక్క. ‘తోక తొక్కిన తాచు’ వంటి చోట పాము. పిల్లి మీద తెలుగులో సామెతలకు కొదవ లేదు గాని, వాటిలో దాని కళ్లు, కాళ్లు, మెడ కనిపించినంతగా తోక కనిపించదు.

ఇది భాషకే పరిమితమైన విషయమైతే చర్చ నిఘంటువుతో ముగిసేది. కాని ప్రమాదంలో నలిగిన తోకను పశువైద్యుడు తొలగించాక, ఇంటికి తెచ్చిన పిల్లి మూలన ముడుచుకొని కూర్చుంటే, ఇంటివారు కుక్క తోక మీద ఏర్పడిన అర్థాన్నే దానికి అన్వయిస్తారు. అల్లరి తగ్గిందనీ, బుద్ధిగా ఉందనీ అనుకుంటారు. అది పళ్లు చూపి బుసకొడితే పగబట్టిందంటారు. ఈ రెండు వ్యాఖ్యానాలూ పొరపాటే. మొదటిది మరింత ప్రమాదకరమైనది. శస్త్రచికిత్స తరువాత పిల్లి నిశ్శబ్దం చాలాసార్లు శాంతి కాదు, నొప్పి. ఆ నిశ్శబ్దాన్ని చదవవలసిన తీరును శరీరధర్మం ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. గాయం, శస్త్రచికిత్స: విశాఖ నేపథ్యం

1933లో ఓడరేవు, తరువాతి దశాబ్దాలలో ఉక్కు కర్మాగారం విశాఖపట్నాన్ని పెద్ద నగరంగా మార్చాయి. చేపలరేవులోను, పాతనగరం సందులలోను, గాజువాక వైపు కార్మికవాడలలోను పిల్లికి తిండి సులభంగా దొరుకుతుంది. వాహనాల రద్దీ, ఇనుప గేట్లు, వీధికుక్కలు కూడా అక్కడే ఉంటాయి. ఆగిన కారు కింద వెచ్చదనానికి పడుకున్న పిల్లికి, తలుపు సందులోంచి దూరే పిల్లికి ముందుగా చిక్కేది తోకే. 1996లో ఏర్పడిన విశాఖ జంతు సంరక్షణ సంఘం వంటి స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వ పశువైద్యశాలలు, ప్రైవేటు క్లినిక్కులు ఇక్కడ అందుబాటులో ఉన్నాయి. పొరుగున విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. కనుక చికిత్స దొరకడం కంటే, చికిత్స తరువాతి పదిహేను రోజులు ఇంట్లో ఎలా గడుస్తాయన్నదే కీలకం.

పిల్లి తోకలో సాధారణంగా 18 నుంచి 23 వరకు వెన్నుపూసలుంటాయి. వెన్నుపాము తోక చివరిదాకా సాగదు. దాని చివరి నాడులు మాత్రం కటి ప్రాంతం దాటి తోకకూ, మూత్రాశయానికీ, మలద్వారానికీ చీలిపోతాయి. తోకను ఎవరైనా బలంగా లాగినా, అది చక్రం కింద ఇరుక్కున్న క్షణంలో పిల్లి ముందుకు దూకినా, మొదట్లో ఉన్న ఈ నాడులు సాగి దెబ్బతినవచ్చు. అందువల్ల తోక తొలగించిన పిల్లి విషయంలో అన్నిటికన్నా ముందు గమనించవలసినది దాని ముఖం కాదు, మూత్రం. ఒక పగలూ ఒక రాత్రీ గడిచినా మూత్రం రాకపోతే అది ప్రాణాపాయ సూచన. మరునాటికి వాయిదా వేయకుండా వైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి.

3. కాలు కాలిన పిల్లి, కదలని పిల్లి

‘కాలు కాలిన పిల్లిలా’ అన్న ఉపమానం నొప్పితో నిలకడ లేకుండా తిరిగే స్థితిని చక్కగా పట్టుకుంది. శస్త్రచికిత్స జరిగిన మొదటి రాత్రి ఇటువంటి కదలిక కనిపించవచ్చు. అయితే అదంతా నొప్పి కాకపోవచ్చు. మత్తుమందు దిగేటప్పుడు పిల్లి తూలుతుంది, గోడలకేసి చూస్తుంది. కొన్ని నొప్పి మందుల ప్రభావంతో కనుపాపలు విచ్చుకొని, నేల మీద దొర్లుతూ, మునుపెన్నడూ లేనంత చనువు చూపుతుంది. సాధారణంగా ఒకటి రెండు రోజులలో ఇది సర్దుకుంటుంది.

నానుడి చెప్పనిది ఆ తరువాతి దశ. పిల్లి వేటాడే జంతువే అయినా, తనకన్నా పెద్దవాటికి ఆహారమయ్యే చిన్న జంతువు కూడా. బాధను దాచుకోవడం దాని రక్షణోపాయం. మంచం కిందా, బీరువా వెనకా చేరుతుంది, ఒళ్లు నాకి శుభ్రం చేసుకోవడం మానుతుంది, ఎత్తులకు ఎగరదు. కొన్ని పిల్లులు నొప్పిలోనూ గుర్రుగుర్రుమంటాయి కనుక ఆ శబ్దాన్ని కూడా సంతోషానికి రుజువుగా తీసుకోరాదు. ఈ మౌనాన్ని కొలవడానికి కెనడాలోని మాంట్రియాల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ఒక ముఖకవళికల కొలమానాన్ని ప్రచురించారు. చెవుల స్థితి, కళ్లు బిగుసుకోవడం, మూతి బిగువు, మీసాల తీరు, భుజాలతో పోల్చినప్పుడు తల ఎత్తు – ఈ ఐదింటికీ సున్నా నుంచి 2 వరకు అంకెలిస్తారు. చెవులు పక్కలకు తిరిగి, కళ్లు సగం మూసి, తల భుజాల కన్నా కిందికి వాలిన పిల్లికి ఎక్కువ అంకెలు వస్తాయి. మొత్తం పదికి 4 చేరితే నొప్పి మందు అవసరాన్ని వైద్యుడు పరిశీలించవలసి ఉంటుంది. కళ్లు మూసుకున్న పిల్లి అనగానే దొంగపాలు తాగే పిల్లిని తలచుకునే అలవాటును ఇక్కడ కొంచెం పక్కన పెట్టాలి.

నొప్పి అర్థమైనవారు చేసే పొరపాటు మరొకటుంది. ఇంట్లోని పారాసెటమాల్‌ను చిదిపి పాలలో కలపడం. ఆ మందును విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. మనిషి వేసుకునే ఒక్క మాత్ర, అంతకన్నా తక్కువైనా, ఎర్ర రక్తకణాలు ప్రాణవాయువును మోయలేకుండా చేసి దాన్ని చంపగలదు. ఫినాయిలు వంటి ద్రవాలతో కుట్లు తుడవడం కూడా ఇదే కారణంగా హానికరం. సముద్రతీరపు ఉక్కలో గాయం చెమ్మగా ఉంటే ఈగలు వాలి పురుగులు పడతాయి. కనుక గాయాన్ని పొడిగా ఉంచడం, సాధారణంగా 10 నుంచి 14 రోజులకు కుట్లు విప్పేదాకా మెడపట్టీ తీయకపోవడం తప్పనిసరి.

4. తెనాలి రామకృష్ణుని పిల్లి

రాయలవారు ఎలుకల బెడదకు ఇంటింటికీ పిల్లినిచ్చి, దానికి పాల కోసం ఆవునిస్తే, రామకృష్ణుడు మొదటిరోజే సలసల కాగే పాలు పెట్టాడనీ, నోరు కాలిన ఆ పిల్లి పాలగిన్నెను చూస్తేనే పారిపోయిందనీ జనశ్రుతిలోని కథ. హాస్యకథగా చెప్పుకునే ఇందులో ప్రవర్తనాశాస్త్రానికి సంబంధించిన ఒక కచ్చితమైన పరిశీలన ఉంది: పిల్లి బాధకు కారణాన్ని విచారించదు, బాధ కలిగిన చోటును గుర్తుపెట్టుకుంటుంది.

తోక మొదట్లోని కుట్లు మలద్వారానికి దగ్గర. ఇసుక పళ్లెంలో కూర్చున్నప్పుడు నొప్పి పుడితే, పిల్లి ఆ నొప్పిని పళ్లేనికే అంటగడుతుంది. తరువాత పరుపు మీదనో, స్నానాలగది మూలనో వెళుతుంది. ఇంటివారు దాన్ని కక్షగా భావించి కొడితే, భయానికి మరో చోటు తోడవుతుంది. అంచు తక్కువగా ఉన్న పళ్లెం, కుట్లకు అంటని కాగితపు ముక్కలు, మరోచోట మరో పళ్లెం – వీటితో చాలావరకు సమస్య తగ్గుతుంది. మందు తాగించే మనిషిని చూసి దాక్కోవడం కూడా ఈ కోవలోదే. మందు పెట్టే చేయి, అన్నం పెట్టే చేయి వేరైతే మేలు.

తిండి మానడాన్ని అలకగా భావించడం మరీ ప్రమాదం. రెండు మూడు రోజులు ఏమీ తినని పిల్లికి, ముఖ్యంగా బొద్దుగా ఉన్నదానికి, కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రాణం మీదికి రావచ్చు. విశాఖ ఇళ్లలో చేపకు లోటుండదు. ఉప్పూకారం లేకుండా ఉడికించి, ముల్లు తీసి, గోరువెచ్చగా పెడితే వాసనకే దగ్గరకు వస్తుంది. చేపల పులుసు మాత్రం పనికిరాదు. అందులోని ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తానికి విషం.

5. తోటి పిల్లి, గోడమీది పిల్లి

ఇంట్లో రెండో పిల్లి ఉంటే మార్పు రెండువైపులా కనిపిస్తుంది. ఆసుపత్రి నుంచి వచ్చినదానికి మందుల వాసన అంటుకొని ఉంటుంది. కలిసి పెరిగిన జోడు కూడా దాన్ని పరాయిదిగా భావించి బుసకొడుతుంది. కొన్నాళ్లు వేరు గదులలో ఉంచి, ఒకే గుడ్డతో రెండింటినీ తుడుస్తూ పోతే వాసనలు కలుస్తాయి. వాసన కలిసినా సంజ్ఞ తిరిగిరాదు. నిలువుగా ఎత్తిన తోక పిల్లుల మధ్య స్నేహపూర్వకమైన పలకరింపు. విసురుగా కొట్టుకునే తోక హెచ్చరిక. ఈ రెండూ పోయిన పిల్లి ఉద్దేశం ఎదుటిదానికి ఆలస్యంగా తెలుస్తుంది. మనిషికీ అంతే: ‘ఇక చాలు’ అని ముందుగా చెప్పే తోక లేదు కనుక, నిమిరే చేతికి గోరు తగిలాకే తెలుస్తుంది. అటువంటి పిల్లిని పెంచేవారు చెవులనూ, వీపు మీద చర్మం వణకడాన్నీ చూడటం నేర్చుకోవాలి. గాయం మానిన నెలల తరువాత కూడా మిగిలిన మొండిని పదేపదే కొరుక్కుంటే, తాకగానే అరిస్తే, తెగిన నాడి కొన వద్ద నొప్పి మిగిలిందేమో పరీక్ష చేయించాలి.

‘గోడమీది పిల్లి’ని తెలుగువారు అవకాశవాదానికి వాడుకున్నారు గాని, సన్నని గోడ మీద అది నిలబడగలగడంలో తోకకూ పాత్ర ఉంది. కాలికింది ఆధారం హఠాత్తుగా పక్కకు జరిగినప్పుడు పిల్లులు తోకను ఎదురుదిశకు విసిరి నిలదొక్కుకుంటాయనీ, తోక కదలిక పోయినవి ఎక్కువగా జారిపడ్డాయనీ 1998లో వెలువడిన ఒక ప్రయోగం చూపింది. పుట్టుకతో తోకలేని మాంక్స్ జాతి పిల్లులు చురుకుగా ఎక్కి దూకగలవు. కాని పెద్దయ్యాక తోక పోగొట్టుకున్న పిల్లికి కొత్త తూకం అలవడటానికి వారాలు పట్టవచ్చు. అందుచేత అపార్టుమెంటు బాల్కనీలకు అప్పటిదాకా వల కట్టడం, ఎక్కే చోట్లకు మధ్యలో ఒక స్టూలు వేయడం అవసరం. మొదట స్టూలు మీదికి, తరువాత కిటికీ అంచుకు, ఆపైన గోడకు అది తనంతట తానే చేరుతుంది.