మన ‘ఉత్తమాలు’ – మన ప్రమాణాలు

సినిమా అవార్డులు ప్రకటించినప్పుడల్లా సాహిత్య మిత్రుల మధ్య రెండు వాదాలు వినిపిస్తాయి. అవార్డులన్నీ పాలకవర్గాల పంపకాలు, వాటి గురించి మాట్లాడడమే దండగ అనేది ఒకటి. ఎవరి ఇష్టం వారిది అనేది రెండోది. మొదటిది తీవ్రంగా, రెండోది ఉదారంగా కనిపించినా రెండూ చేసే పని ఒకటే. విమర్శకు తలుపు మూసేస్తాయి. ఇష్టానికి కూడా ఒక పునాది ఉంటుంది. అది మన వర్గం నుంచి, కులం నుంచి, చదువు నుంచి, పెరిగిన ఊరి నుంచి వస్తుంది. దాన్ని పరీక్షకు పెట్టాలంటే అవార్డుల విభాగాలను ఒక్కొక్కటే తీసుకుని ‘ఇందులో నా ఎంపిక ఏది, ఎందుకు?’ అని కాగితం మీద రాసుకోవడం మంచి సాధనం.

విభాగం మనచేత ఒక పని చేయిస్తుంది. మన సినిమా సమీక్షల్లో వస్తువు గురించి నాలుగు పేజీలు ఉంటాయి. శిల్పం గురించి ‘ఫొటోగ్రఫీ బాగుంది’ అని ఒక్క వాక్యం ఉంటుంది. కళా దర్శకత్వం, దుస్తులు, శబ్దం అని విడివిడిగా అడిగితే ఆ ఒక్క వాక్యంతో తప్పించుకోలేం. కథ మన పక్షాన ఉంది కాబట్టి సినిమా మంచిదే అని మార్కులు వేసే అలవాటుకు అక్కడ అడ్డుకట్ట పడుతుంది.

తెలంగాణ పల్లెను తెరకెక్కించిన చిత్రాల నుంచి, కరీంనగర్ – ఆదిలాబాద్ ప్రాంతపు ప్రేక్షకుడిగా, కొన్ని విభాగాలకు నా ఎంపికలు ఇక్కడ చెబుతాను.

ఉత్తమ చిత్రం

అందరూ ‘మా భూమి’ (1980) పేరు చెబుతారని నాకు తెలుసు. కిషన్ చందర్ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో వచ్చిన ఆ చిత్రం సాయుధ రైతాంగ పోరాటాన్ని తెరమీదికి తెచ్చింది. 1978లో జగిత్యాల జైత్రయాత్ర చూసిన ప్రాంతంలో అది గత చరిత్రగా మాత్రమే కనిపించలేదు. అయినా నా ఎంపిక ‘దాసి’ (1988).

‘దాసి’లో తిరుగుబాటు లేదు కదా, అది ప్రగతిశీల చిత్రం ఎట్లా అవుతుందని అడిగేవారున్నారు. బి. నర్సింగరావు తీసిన ఆ చిత్రంలో కమలాక్షి అనే దాసి జీవితం గడి గోడల మధ్యనే నడుస్తుంది. దొర వల్ల వచ్చిన కడుపును దొరసాని మాట మీద తీయించుకోవలసి వస్తుంది. ఆ దేహం ఆమెది కాదని ఉపన్యాసం లేకుండా తెలుస్తుంది. తిరుగుబాటును చూపించడం ఒక బాధ్యత. తిరుగుబాటు ఎందుకు తప్పనిసరి అయిందో ప్రేక్షకుడి ఒంటికి తగిలేట్టు చూపించడం కూడా అంతే బాధ్యత. ‘మా భూమి’ మొదటి పని చేసింది, ‘దాసి’ రెండో పని చేసింది. పైగా ‘దాసి’లో నటన, కెమెరా, గోడ, గుడ్డ అన్నీ ఒకే మాట చెబుతాయి. అన్ని శాఖలూ ఒకే సత్యం వైపు పనిచేసిన చిత్రానికే ఉత్తమ చిత్రమనే మాట చెందాలని నా ప్రమాణం.

కళా దర్శకత్వం

1988 సంవత్సరపు జాతీయ అవార్డుల్లో ‘దాసి’కి అయిదు వచ్చాయి: ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటిగా అర్చన, ఛాయాగ్రహణానికి ఎ.కె. బీర్, దుస్తులకు సుదర్శన్, కళా దర్శకత్వానికి తోట వైకుంఠం. వైకుంఠం కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన చిత్రకారుడు. ఆయన బొమ్మల్లోని ఆడవాళ్లను మన పాఠకులు ఎరుగుదురు. పెద్ద బొట్టు, నిండు రంగుల చీర, ఒంటి నిండా నగలు. ఆ రంగుల చిత్రకారుడు గడి లోపలికి వచ్చినప్పుడు ఆ ఉత్సవాన్ని బయటే వదిలి వచ్చాడు.

కళా దర్శకత్వం అంటే అందమైన సెట్టు వేయడమనే అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. దొర కూర్చునే చోటుకూ దాసి నిలబడే చోటుకూ మధ్య ఎంత దూరం ఉండాలి, ఏ గడప దగ్గర ఎవరు ఆగిపోవాలి అన్నవి కళా దర్శకుడు తేల్చవలసిన సంగతులు. అవి సౌందర్య ప్రశ్నల్లా కనబడే వర్గ సంబంధాల ప్రశ్నలు. నవలాకారుడు ఇంటిని వర్ణించేటప్పుడూ ఇవే ప్రశ్నలు ఎదురవుతాయి. అందుకే ఈ విభాగం మీద రచయితలు ఎక్కువసేపు ఆగాలంటాను.

నటన

నటి విషయంలో అర్చన పేరు చాలు. నటుడిగా నా ఎంపిక ‘ఒక ఊరి కథ’ (1977)లో ఎం.వి. వాసుదేవరావు. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథను మృణాల్ సేన్ తెలంగాణ పల్లెకు తెచ్చారు. పనిచేస్తే బాగుపడేది ఆసామే కాబట్టి పనిచేయనని భీష్మించుకున్న వెంకయ్య పాత్రలో వాసుదేవరావు మనకు జాలి పుట్టనివ్వడు. కోపం, నవ్వు, అసహ్యం ఒకేసారి పుట్టిస్తాడు. పేదవాడిని పుణ్యాత్ముడిగా మాత్రమే చూపించే మన కథకులు ఆ పాత్రను మళ్లీ మళ్లీ చూడాలి.

కథ హిందీ, దర్శకుడు బెంగాలీ, నటుడు కన్నడిగుడు. ఆ ఏడాది జాతీయ ఉత్తమ తెలుగు చిత్రం మాత్రం అదే. మనవాడైతేనే మన బతుకు చెప్పగలడనే వాదానికి ఇది గట్టి జవాబు. దీని రెండో వైపు కూడా చూడాలి. తెలుగు వ్యాపార చిత్రాల్లో తెలంగాణ యాస చాలాకాలం ప్రతినాయకుడికీ హాస్యగాడికీ మాత్రమే దక్కింది. ‘ప్రతిఘటన’ (1985)లో కోట శ్రీనివాసరావు కాశయ్య పాత్ర దీనికి ఉదాహరణ. నటుడి సామర్థ్యాన్ని ఒప్పుకుంటూనే, ఆ యాసను ఎవరి నోట పెట్టారని అడగవలసిందే. ‘ఉత్తమ ప్రతినాయకుడు’ అనే విభాగానికి ఆ ప్రశ్న అడిగే వీలు లేదు.

పాట

‘బలగం’ (2023) సిరిసిల్ల ప్రాంతపు చిత్రం. దర్శకుడు వేణు యెల్దండి అక్కడివాడే. 2023 సంవత్సరపు జాతీయ అవార్డుల్లో ఈ చిత్రంలో పల్లెటూరి మీద రాసిన పాటకు కాసర్ల శ్యామ్ ఉత్తమ గీత రచయిత అయ్యారు. సంతోషం. నా ఎంపిక అదే చిత్రం చివర కొమురవ్వ, మొగిలయ్య పాడిన పాట. ఎవరూ పట్టించుకోని ముసలాయన చనిపోయాడు, కాకి పిండం ముట్టలేదు. దినం నాడు పాడిన ఆ పాటకు నల్లి బొక్క దగ్గర మొదలైన అలకలన్నీ కరిగిపోతాయి. కన్నీళ్లతో కుటుంబం కలిసిందిగానీ అప్పులు, భాగాల సంగతి కన్నీళ్లతో తేలదు. కథ మీద నా విమర్శ అది. పాట బలం మాత్రం కాదనలేం. ఆ బలం ఒక్క కలం నుంచి వచ్చింది కాదు. చావు ఇళ్ల ముందు తరాలుగా పాడుతూ వచ్చిన బుడగజంగాల గొంతు నుంచి వచ్చింది. అవార్డు పత్రం మీద ఒక పేరు రాయడానికి జాగా ఉంటుంది. కులవృత్తిగా పాటను మోసిన సమూహానికి జాగా లేదు.

విభాగం లేని విషయాలు

కొమురం భీము మీద అల్లాణి శ్రీధర్ 1990లో సినిమా తీశారు. రాష్ట్ర ప్రభుత్వం నంది ఇచ్చింది. థియేటర్లకు ఆ చిత్రం చేరింది 2010లో. ఇరవై ఏళ్లు అవార్డు ఉంది, ప్రేక్షకుడు లేడు. ‘ఆర్.ఆర్.ఆర్.’ (2022) అదే పేరుతో ఒక కల్పిత వీరుణ్ణి తీసుకుంది. 2023 మార్చిలో దాని పాటకు ఆస్కార్ వచ్చింది. కీరవాణి బాణీకీ చంద్రబోస్ మాటలకూ అది న్యాయమైన గుర్తింపే. కానీ 1940లో జోడేఘాట్‌లో ప్రాణాలిచ్చిన గోండు నాయకుడు అడిగిన అడవి, భూమి ప్రశ్నలు ఆ వేదిక దాకా వెళ్లలేదు. భీము మాతృభాష గోండి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోనే లేదు. ఆ భాషలో చిత్రం తీస్తే జాతీయ అవార్డుల్లో షెడ్యూలు బయటి భాషల పద్దు కింద చూస్తారు. అంటే ఏది ఉత్తమమో తేల్చకముందే ఏది ఏ పద్దులో ఉండాలో ఇంకెవరో తేల్చి ఉంటారు.

అవార్డుకు పెట్టిన పేరు కూడా ఒక రాజకీయమే. నంది అవార్డులు 1964లో మొదలయ్యాయి. ‘ఒరేయ్ రిక్షా’ (1995) పాటకు వచ్చిన నందిని గద్దర్ తిరస్కరించారు. 2025లో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన సినిమా అవార్డులకు ఆ గద్దర్ పేరే పెట్టింది. 2023కు ఉత్తమ చిత్రంగా ‘బలగం’ను ఎంచింది. తిరస్కరించినవాడి పేరుతో పురస్కారం వచ్చిందంటే అది ప్రజల పాట సాధించిన గెలుపని ఒకరు అనవచ్చు. ఆ పాటను రాజ్యం కలుపుకోవడమని మరొకరు అనవచ్చు. రెండూ కొంత నిజమే. ఏది ఎంత నిజమో ఆ అవార్డులు ముందుముందు ఎవరికి దక్కుతాయో చూసి తేల్చుకోవాలి.

విద్యార్థి మిత్రులకు నా సూచన ఒకటే. జగిత్యాలలోనో మంచిర్యాలలోనో పదిమంది కూర్చున్నప్పుడు ఇట్లాంటి జాబితా ఒకటి తయారు చేయండి. ప్రతి ఎంపిక కింద రెండు వాక్యాలు కారణం రాయండి. కారణం లేని పేరు కొట్టేయండి. ‘కథ మంచిది’ అనేదాన్ని కారణంగా ఒప్పుకోవద్దు. చివర ఒక గీత గీసి, ఏ విభాగంలోనూ ఇమడనిది ఏం మిగిలిందో రాయండి. నా జాబితాలో మిగిలినవి యాస, సమూహపు పాట, గోండి భాష. మీ జాబితాలో మిగిలేవి వేరే కావచ్చు. వాటిని పోల్చి చూసుకున్నప్పుడు మన ప్రమాణాల్లో ఎక్కడ లోటుందో మనకే కనిపిస్తుంది.