రోజూ ఫస్ట్ పీరియడ్ పోతే ఏమవుతుంది? పల్లె నుంచి కాలేజీకి వెళ్లొచ్చేవారి అటెండెన్స్ లెక్క ఇదీ..

వైఎస్సార్ కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లె అనగానే యురేనియం గని గుర్తొస్తుంది. ఇక్కడివారికి దగ్గరి పట్టణం పులివెందుల. జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ 2006 నుంచి అక్కడే నడుస్తోంది.

ఇంటి నుంచే వెళ్లొస్తే హాస్టల్ ఖర్చు మిగులుతుంది. స్త్రీశక్తి పథకంతో 2025 ఆగస్టు 15 నుంచి అమ్మాయిలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అబ్బాయిలకు స్టూడెంట్ పాస్ ఉంది. మరి చిక్కెక్కడ? టైమ్ దగ్గరే!

సెమిస్టర్‌కు 90 రోజులు, రోజుకు 6 పీరియడ్లు అనుకుందాం. మొత్తం 540. అటెండెన్స్ 75 శాతం కావాలంటే 405 పీరియడ్లు క్లాసులో ఉండాలి. అంటే 135 వరకు పోయినా ఫర్వాలేదు. కానీ బస్సు లేటై రోజూ ఫస్ట్ పీరియడ్ పోతే 90 అక్కడే అయిపోతాయి. మిగిలేది 45.. సెలవు రోజున ఫస్ట్ పీరియడ్ ముందే లెక్కలో పోయింది కాబట్టి, రోజుకు 5 చొప్పున తొమ్మిది రోజులే. జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్లున్నా, చేన్లో పని పడినా అందులోనే సర్దుకోవాలి.

జేఎన్‌టీయూ అనంతపురం రూల్స్ ప్రకారం 65 నుంచి 75 శాతం మధ్య ఉంటే సరైన కారణం చూపి, ఫీజు కట్టి మినహాయింపు అడగొచ్చు. 65 కన్నా తగ్గితే డిటెయిన్.. సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు.

అందుకే ఫస్ట్ సెమ్ అయ్యాక మార్కులతో పాటు సబ్జెక్టుల వారీగా అటెండెన్స్ కూడా చూసుకోవాలి. పొద్దున్నే జరిగే సబ్జెక్టులోనే ఫెయిలైతే, బస్సు టైమే కారణం కావచ్చు. ఆ రూట్ విద్యార్థులంతా సంతకాలు పెట్టి, కాలేజీ టైమ్‌టేబుల్ జత చేసి డిపో మేనేజర్‌కు అర్జీ ఇవ్వొచ్చు. సెకండ్ సెమ్ మొదలయ్యేలోపే ఇస్తే మేలు.