గోడ ఎంత మందం ఉండాలి?

మీ వీధిలో ఎవరైనా కొత్త ఇల్లు కడుతున్నారా? అయితే బడి నుంచి వచ్చేటప్పుడు కాసేపు ఆగి చూడండి. విజయవాడలోనూ, చుట్టుపక్కల కృష్ణా డెల్టా ఊళ్ళలోనూ బయటి గోడలు ఎక్కువగా 9 అంగుళాల మందంతో కడతారు. గదుల మధ్య గోడలు మాత్రం చాలాచోట్ల 4½ అంగుళాలే ఉంటాయి. ఇదంతా డబ్బు మిగుల్చుకోవడానికేనా? సన్నగోడ బలహీనం కాదా?

ముందు ఈ అంకెలు ఎక్కడివో చూద్దాం. మన ఇటుక పొడవు సుమారు 9 అంగుళాలు, వెడల్పు 4½ అంగుళాలు. ఇటుకలను ఒకే వరుసగా గోడ వెంట పేరిస్తే మందం 4½ అంగుళాలు. పక్కపక్కన రెండు వరుసలు పేరిస్తే 9 అంగుళాలు. అంటే గోడ మందాన్ని ఇటుకే నిర్ణయిస్తోందన్నమాట!

ఇక అసలు ప్రశ్న: ఆ గోడ చేసే పని ఏమిటి? పాత పెంకుటిళ్ళలో దూలాలు గోడల మీదే ఆనేవి. లోపలి గోడ కూడా కప్పు బరువు మోసేది. ఇప్పుడు కడుతున్న ఇళ్ళు చాలావరకు కాంక్రీటు స్తంభాల మీద నిలిచేవి. శ్లాబు బరువు బీములకు, వాటి నుంచి స్తంభాలకు, అక్కడి నుంచి పునాదికి చేరుతుంది. గదుల మధ్య గోడ తన బరువు తాను మోసుకుంటే చాలు.

ఒక ప్రయోగం చేయండి. ప్లాస్టిక్ స్కేలును బల్లమీద నిలువుగా పెట్టి, పైనుంచి వేలితో మెల్లగా నొక్కండి. అది నలగదు, పక్కకు వంగుతుంది. అంతే ఎత్తున్న లావుపాటి కర్ర వంగదు. 10 అడుగుల ఎత్తు గోడ 9 అంగుళాల మందముంటే, ఎత్తు మందానికి సుమారు 13 రెట్లు. 4½ అంగుళాలైతే సుమారు 27 రెట్లు! అందుకే సన్నగోడ మీద శ్లాబు ఆనించరు. అది నిటారుగా నిలవడానికి మధ్యమధ్య ఇనుప చువ్వలతో కాంక్రీటు పట్టీలు వేస్తారు.

ఇప్పుడు బరువు లెక్క. 10 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు, 9 అంగుళాల మందం గల గోడ 75 ఘనపుటడుగులు. ఘనపుటడుగు ఇటుక కట్టుబడి సుమారు 54 కిలోలు. మొత్తం 4 టన్నులు! సగం మందమైతే 2 టన్నులే. పై అంతస్తులో ఈ బరువును బీములే మోయాలి. స్థలం కూడా కలిసివస్తుంది. లోపలి గోడల పొడవు 60 అడుగులైతే 22½ చదరపు అడుగులు మిగులుతాయి. ఒక మంచం పట్టే చోటు!

మరి ఎండ సంగతి? వేడి ఎప్పుడూ వేడి వైపు నుంచి చల్లని వైపుకే ప్రవహిస్తుంది. మే నెల ఎండ తగిలే పడమటి గోడ మందంగా ఉంటే వేడి ఆలస్యంగా లోపలికి వస్తుంది. గదుల మధ్య గోడకు రెండు వైపులా ఉష్ణోగ్రత దాదాపు ఒకటే. అక్కడ మందం పెంచినా చల్లదనం పెరగదు.

శబ్దం విషయం వేరు. బరువైన గోడ తక్కువగా కంపిస్తుంది. బరువు రెట్టింపైతే శబ్దం సుమారు 5 డెసిబెళ్ళు తగ్గుతుంది. అయితే తలుపు కింద సందు ఉంటే ఆ లాభం పోయినట్లే.

గోడలో గొట్టాలు దాచాలంటే గాడి తవ్వాలి. 4½ అంగుళాల గోడలో 1½ అంగుళాల గాడి తవ్వితే అక్కడ మూడో వంతు మందం పోతుంది. స్నానాలగది గోడను మందంగా కట్టించుకునేది ఇందుకే.

ఒక్కటి గుర్తుంచుకోండి. నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. పునాది కదిలితే 9 అంగుళాల గోడ కూడా పగులుతుంది. పునాది లోపాన్ని గోడ మందం సరిదిద్దలేదు.

ఈ ఆదివారం మీ ఇంట్లో గుమ్మాల దగ్గర గోడల మందం కొలవండి. రెండు వైపుల సిమెంటు పూతకు ఒక అంగుళం తీసివేయండి. ప్రతి గోడ ఏ పని చేస్తోందో పక్కన రాయండి. గది పెద్దది చేద్దామని ఇంట్లో ఎవరైనా గోడ పడగొట్టబోతే మాత్రం, ముందు ఇంజనీరుకు చూపించమని చెప్పండి. దాని మీద ఏం ఆనుకొని ఉందో తెలియకుండా గునపం పట్టకూడదు.