కాటుక రేకుల పొడ



పోయిన వానాకాలం మా అమీర్‌పేట అపార్ట్‌మెంటు సెల్లారులోకి ఓ పాము వచ్చింది. పొడుగ్గా, గోధుమరంగులో ఉంది. "తాచు, తాచు" అని ఒకటే గోల. వాచ్‌మన్ కర్ర అందుకున్నాడు. ఈలోగా ఎవరో ఫోన్ చేస్తే పాముల్ని పట్టే కుర్రాడొకడు వచ్చి చూసి, "జెర్రిపోతండీ, విషం లేదు, ఎలకల్ని తింటుంది" అని సంచీలో వేసుకుపోయాడు. మేమేమో అంతసేపూ కుర్చీలెక్కి నుంచున్నాం!

ఏ పాముకి విషం ఉంది, దేనికి లేదు? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని మన విశాఖపట్నంలో ఏళ్ళ తరబడి కూర్చున్నాడొక డాక్టరు. పేరు పాట్రిక్ రస్సెల్. ఎడింబరోలో పుట్టిన స్కాట్లండు దేశస్థుడు. సిరియాలోని అలెప్పోలో చాలాకాలం వైద్యం చేసి, ప్లేగు రోగుల మధ్య తిరిగినవాడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి అయిన సోదరుడితో 1781 ప్రాంతంలో విశాఖ వచ్చాడు. అప్పటికే యాభై దాటాయి. మనమైతే మనవల్ని ఆడించే వయసనుకుంటాం. ఆయన అప్పుడు పాముల పని మొదలుపెట్టాడు.

1785లో కంపెనీ ఆయన్ని ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా నియమించింది. నిజానికి మొక్కలు చూడ్డం ఆ ఉద్యోగంలో ముఖ్యమైన పని. కాని జనం పాముకాటుకి చచ్చిపోవడం ఆయన్ని వదల్లేదు. పాముల్ని తెప్పించి, నోరు తెరిచి కోరలు చూసేవాడు. వాటిచేత కోళ్ళనీ కుక్కలనీ కరిపించి ఏమవుతుందో రాసుకునేవాడు. పాపం కోళ్ళు! అప్పట్లో పేరుపడ్డ తంజావూరు మాత్రని కూడా పరీక్షించాడు. నమ్మదగ్గ విరుగుడు మాత్రం దొరకలేదు. తేలిందల్లా, చాలా పాములకి విషమే లేదని.

నాకు ముచ్చటేసిన సంగతి ఇంకోటుంది. ప్రతి పాముకీ ఇక్కడివాళ్ళు ఏమంటారో అడిగి, తెలుగు పేరే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. పసుపు, నలుపు పట్టీలుండే పాముని మనవాళ్ళు బంగారు పాము అన్నారు. ఆ బంగారం లాటిన్లోకి వెళ్ళి "బుంగారస్" అయింది. ఈనాటికీ కట్లపాము జాతి మొత్తానికీ శాస్త్రజ్ఞులు వాడే పేరదే. మనం రక్తపింజరి అనే పాముకి ఆయన పుస్తకంలో ఉన్న పేరు కాటుక రేకుల పొడ. ఒంటిమీద నల్లంచు మచ్చల వరసలు చూసి, కాటుక దిద్దే చేతులున్నవాళ్ళెవరో పెట్టుంటారు ఆ పేరు. ఆయన 1789లో వెళ్ళిపోయాడు. పుస్తకం 1796లో లండన్‌లో వచ్చింది. నలభైకి పైగా పాములు, రంగుల బొమ్మలతో. మర్నాటి ఏడాదే కాటుక రేకుల పొడకి ఆయన పేరు పెట్టారు. ఇప్పుడు దాన్ని లోకమంతా రస్సెల్స్ వైపర్ అంటోంది.

ఆయన వెతికిన విరుగుడు దొరకడానికి ఇంకో వందేళ్ళు పట్టింది. 1890లలో కాల్మెట్ అనే ఫ్రెంచి డాక్టరు సీరం తయారుచేశాడు. గుర్రానికి విషాన్ని కొంచెం కొంచెంగా ఎక్కిస్తారు. దాని రక్తంలో పుట్టిన విరుగుడు పదార్థాన్ని తీసి మనకి ఎక్కిస్తారు. చిక్కేమిటంటే, ఒకే జాతి పామైనా ఒక్కో ప్రాంతంలో విషం ఒక్కోలా ఉంటుందిట. మన అత్తాపూర్‌లో సి.సి.ఎం.బి. వారి ప్రయోగశాలలో కూడా పాము విషాలమీద పరిశోధన చేస్తున్నారు.

మందుంటే చాలదు, వేళకి అందాలి. మా ఆడపడుచుగారి ఊళ్ళో పాలేరుని చేలో రక్తపింజరి కరిచింది. కాలికి తాడు బిగించారు, పసరు పోశారు, మంత్రం వేయించారు. ఒక పూట పోయింది. పంజాగుట్టలో ఆస్పత్రికి తెచ్చేసరికి మూత్రపిండాలు పాడయ్యాయి. ఆ పాము విషం నెత్తురు గడ్డకట్టే గుణాన్ని చెడగొట్టి, మూత్రపిండాల్ని పట్టుకుంటుంది. నెలరోజులు డయాలిసిస్ అయ్యాక బతికాడు. రోజూ క్యారేజీ పట్టుకెళ్ళిన దాన్ని, అంతా చూశాను.

కట్లపాముది ఇంకో పద్ధతి. రాత్రిళ్ళు నేలమీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది. నొప్పీ ఉండదు, గాటూ సరిగ్గా కనబడదు. తెల్లారేసరికి కళ్ళు వాలిపోవడం, కడుపులో నొప్పి, మాట ముద్దకావడం. పనిమనిషి పిల్లలు కింద పడుకుంటుంటే ఒక దోమతెర కొనివ్వండి, నాలుగంచులూ చాపకింద దోపమనండి. కాటు పడితే కొయ్యద్దు, నోటితో పీల్చద్దు, గట్టిగా కట్టద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, నడిపించకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. పాము కోసం వెతుకుతూ కూచోకండి.

అన్నట్టు, రస్సెల్ విశాఖ చేపల మీద కూడా ఓ పుస్తకం రాశాడు. 1803లో వచ్చింది. రెండు వందల చేపలు, వాటికీ తెలుగు పేర్లే.